బండి కాపురం

‘ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం’ అనే సామెత క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వులు పుట్టుకొస్తాయి. ముందు బెంచీల్లో కూర్చున్న ఆడపిల్లలు మాత్రం నవ్వరు. ఆ సామెత కట్టిన మహానుభావుడెవరో గాని, ఆయన ఇల్లు ఎంత ఇరుకైనా ఒకచోట నిలబడి ఉండేదే అయి ఉంటుంది. 28 అడుగుల పొడవు, ఎనిమిదడుగుల పైచిల్లర వెడల్పు, నాలుగు గోడలకు తోడు ఆరు చక్రాలు ఉండి, పొద్దున ఒక రాష్ట్రంలోనూ సాయంత్రం మరొక రాష్ట్రంలోనూ తేలే ఇంట్లో ఆయన కాపురం చేసి ఉంటే ఇంకే సామెత చెప్పేవాడో!

అటువంటి ఇంట్లో నేనూ మా ఆవిడా 2019 వేసవి సెలవుల్లో పన్నెండు రోజులు ఉండి వచ్చాం. అప్పట్లోనే ఈ శీర్షికలో రాయవలసింది. ఒక కారణం చేత ఆగాను. ఆ కారణం ఇప్పుడు లేదు గనక రాస్తున్నాను.

ఆ ఇల్లు మా అక్కయ్యది. సొంత అక్కయ్య కాదు, మా పెద్దమ్మగారి పెద్దమ్మాయి. వరసకు అక్కయ్య, వయస్సుకు దాదాపు అమ్మ. 1981లో ఆమె పెళ్లయి అమెరికా వెళ్లేనాటికి నాకు నాలుగేళ్లు. నాకు ఓనమాలు దిద్దబెట్టింది ఆమేనని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. బావగారు వంతెనలు కట్టే ఇంజనీరు. ఒహాయో రాష్ట్రంలో ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి, ఇద్దరు పిల్లలను చదివించి, పెళ్లిళ్లు చేసి రిటైరయ్యారు. కొడుకు సియాటిల్‌లో, కూతురు బాస్టన్‌లో. ఒకరు పడమటి సముద్రం ఒడ్డున, ఇంకొకరు తూర్పు సముద్రం ఒడ్డున. నడుమ వీళ్లిద్దరూ, నాలుగు పడకగదుల ఇల్లూ.

2016లో ఆ ఇల్లు అమ్మేసి, ఒక పాత మోటారు బండి కొనుక్కుని, అందులోనే కాపురం పెట్టారన్న వార్త గుంటూరు చేరింది. మనవాళ్లకు ఇల్లు కొనడానికి కారణం అక్కర్లేదు. అమ్మితే మాత్రం కారణం చెప్పి తీరాలి. ‘ఎంతకు మునిగారో పాపం’ అన్నాడు ఒక బంధువు. ‘కొడుకు చూడటం లేదు కాబోలు’ అన్నది ఇంకొకావిడ. మా పెద్దమ్మ అప్పటికి ఎనభై దాటిన మనిషి. ‘గంగిరెద్దులవాళ్లకైనా సంక్రాంతికి ఒక ఊరంటూ ఉంటుందిరా, నా కూతురికి అదీ లేకపోయింది’ అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకేం చెప్పాలో తోచలేదు. ‘ఏనుగుల వీరాస్వామిగారు కూడా 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరి, డేరాలు వేసుకుంటూ కాశీ వెళ్లి, పదిహేను నెలల తరువాత గాని ఇల్లు చేరలేదు పెద్దమ్మా’ అన్నాను. ‘చేరాడుగా!’ అంది. తెలుగు ఎం.ఏ. పట్టా ఇటువంటి చోట ఎందుకూ పనికిరాదు.

విమానం దిగి లాస్‌వేగాస్‌లో మేము బయటికి వచ్చేసరికి బండి వచ్చి నిలబడి ఉంది. అక్కడ దాన్ని మోటార్‌హోమ్ అంటారు, పొట్టిగా ఆర్వీ అంటారు. ఫోర్డు కంపెనీవారి లారీ చట్రం మీద మరొక కంపెనీవారు ఇల్లు కట్టి అమ్ముతారు. ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ అనే ఊరూ దాని చుట్టుపక్కలా ఇదే పరిశ్రమ. మన పొందూరులో నేత ఎలాగో అక్కడ బండిళ్ల తయారీ అలాగ. ముందు డ్రైవరు సీటు, పక్క సీటు. వెనక ఒక బల్ల, దానికి అటూ ఇటూ బెంచీలు. ఎదురుగా మూడు పొయ్యిల స్టవ్వు, చేతులు కడుక్కునే తొట్టి, ఫ్రిజ్. ఆ వెనక ఒక బీరువా అంత స్నానాల గది. చిట్టచివర మంచం. డ్రైవరు నెత్తిమీద ఒక అటక ఉంది, అదే అతిథి గృహం. మేము పన్నెండు రాత్రులూ అక్కడే పడుకున్నాం. ఒకరు పక్కకు తిరగాలంటే రెండోవారిని లేపి అనుమతి తీసుకోవాలి. మా కాలేజీలో తెలుగు శాఖ గది కూడా ఈ ఇంటికన్నా కొంచెం పెద్దదే. అందులో ఏడుగురం ఉన్నాం గనక ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడానికి లేదు.

అక్కయ్య ఆవకాయ చూసి చిన్నపిల్లలా సంతోషించింది. బావగారు మాత్రం చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

‘ఎంతోయ్, రెండు కిలోలుంటుందా?’

‘ఉంటుంది బావగారూ.’

‘మరి ఆ పుస్తకాలు?’

‘అవీ ఒక రెండు కిలోలు.’

‘అయితే నాలుగు కిలోలు దిగాలి’ అన్నారు. నేను హాస్యమనుకున్నాను, కాదు. ఆ బండి తన బరువుతోనూ, మనుషులతోనూ, నీళ్లతోనూ, సామానుతోనూ కలిసి 14,500 పౌండ్లు దాటకూడదు. అంటే సుమారు ఆరున్నర టన్నులు. అది దాటితే టైర్లూ బ్రేకులూ ఊరుకోవు. అప్పుడప్పుడూ లారీలు తూచే కాటా మీదికి తీసుకుపోయి, ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో చూసి, చీటీ దాచుకుంటారాయన. ‘ఒకటి ఎక్కితే ఒకటి దిగాలి’ అన్నది ఆ ఇంటి ధర్మశాస్త్రం. చీరలు ఎనిమిది. కంచాలు నాలుగు. ఇనప మూకుడు ఒకటి, దాని కోసం ఆయన తన పనిముట్ల పెట్టెలో సగం వదులుకున్నారట. మా పెద్దమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు మాత్రం లెక్కలోకి రాదు. ‘అది బరువు కాదు’ అన్నది అక్కయ్య. వంతెనలు కట్టిన మనిషి ఆ మాటకు ఎదురు చెప్పలేదు.

మర్నాటి నుంచి దినచర్య చూశాను. బండి ఎక్కడ ఆగినా మొదటి పని, నేల చదునుగా ఉందో లేదో చూడటం. ఎందుకంటే ఆ ఫ్రిజ్ గ్యాసు మంటతో పనిచేస్తుంది. మంటతో చల్లబడటమేమిటని నేనూ అడిగాను. లోపల అమోనియా ద్రావకం కాగి, ఆవిరై, మళ్లీ ద్రవమై తన బరువుతో తానే కిందికి జారుతూ తిరగాలట. బండి వాలి నిలబడితే ఆ తిరుగుడు ఆగి ఫ్రిజ్ పాడవుతుందట. అంచేత పల్లంలో ఉన్న చక్రాల కింద పీటల్లాంటి ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి, దానిమీదికి బండి ఎక్కించాలి. బావగారి దగ్గర మట్టం చూసే గాజుబుడ్డి ఉంది. అక్కయ్య దగ్గర పెనం ఉంది. పెనం మీద అట్టు వేస్తే పిండి ఏ పక్కకు జారితే ఆ పక్క పల్లం. ‘కుడిపక్కకు ఇంకొక దిమ్మ పెట్టండి’ అని లోపల నుంచే కేక వేసేది. మట్టంబుడ్డి కన్నా అట్టే నిజం చెబుతుందని ఇంజనీరుగారే ఒప్పుకున్నారు.

నీళ్లు 40 గాలన్లు, మన లెక్కన 150 లీటర్లు. నలుగురికి, వంటకూ స్నానాలకూ కలిపి రెండు రోజులు రావాలి. స్నానమంటే ఒళ్లు తడుపుకుని కొళాయి కట్టేయాలి. సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పి కడుక్కోవాలి. మా ఆవిడ గుంటూరు ఎండల్లో మునిసిపాలిటీ కొళాయితో బతికిన మనిషి గనక సులువుగా నెగ్గింది. నేనే రెండుసార్లు సబ్బుతో నిలబడిపోయాను. ఇక కరెంటు. ఏ.సి. నడుస్తుండగా గ్రైండరు వేసి, దానికి తోడు మైక్రోవేవ్ కూడా తిప్పితే ఠక్కున అంతా ఆరిపోతుంది. అంచేత పప్పు రుబ్బే గంటలో ఉక్కపోత భరించవలసిందే.

పోనీ ఇవన్నీ బాగానే ఉన్నాయి. వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఈ ప్రశ్న మర్యాదస్థులు అడగరు, నేను అడిగాను. బండి కడుపులో రెండు తొట్లున్నాయి. స్నానాల నీళ్లూ అంట్ల నీళ్లూ ఒకదానిలోకి, మిగిలినది రెండోదానిలోకి. రెండు మూడు రోజులకొకసారి, అందుకని కట్టిన చోటికి పోయి, లావుపాటి గొట్టం తగిలించి, చేతులకు తొడుగులు వేసుకుని వదలాలి. ముందు నల్లతొట్టి, తరువాత స్నానాల తొట్టి. వెనకటి నీళ్లతో గొట్టం శుభ్రపడాలి గనక. ఈ వరస తప్పినవాడు జన్మలో మళ్లీ తప్పడట. తొట్టి ఎంత నిండిందో చూపించే దీపాలు గోడమీద ఉన్నాయి గాని, అవి ఎన్నికల ముందు ఇచ్చే హామీల్లాంటివని బావగారి అభిప్రాయం. మన ఇళ్లల్లో అల్లుడు చెంబు ముట్టుకుంటే అత్తగారు పరుగెత్తుకొస్తుంది. ముప్ఫై ఏళ్లు పెద్ద ఉద్యోగం చేసిన అల్లుడు ఆ పని ఈల వేసుకుంటూ చేస్తుంటే, మా పెద్దమ్మ చూడనందుకు సంతోషించాను.

దేశమంతా తిరగడానికి కుక్కను తోడు తీసుకుపోయిన రచయిత ఒకాయన ఉన్నాడు, జాన్ స్టయిన్‌బెక్. 1960లో ఇటువంటి బండిలోనే బయలుదేరాడు. ఆయన పుస్తకంలో భార్య కనిపించేది నడుమ ఒకటి రెండుచోట్లే. కుక్కతో అయితే నేనూ తిరగగలను. భార్యాభర్తలు పోట్లాడుకుంటే ఈ బండిలో ఎక్కడికి పోవాలి? మన ఇళ్లల్లో ఆవిడ వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేస్తుంది, ఆయన వీధి అరుగు మీద పేపరు విప్పుతాడు. ఇక్కడ వంటిల్లూ అరుగూ ఒకటే. అందుకని వాళ్లొక ఏర్పాటు చేసుకున్నారు. బయట ఒక మడత కుర్చీ వేస్తారు, బండికి వీపు పెట్టి. దానిలో ఎవరు కూర్చున్నా, వాళ్లంతట వాళ్లు లేచేదాకా రెండోవారు పలకరించకూడదు. దానికి ‘అలక కుర్చీ’ అని పేరు. మన పెళ్లిళ్లలో అలకపాన్పు పెళ్లికొడుకుకే; ఈ కుర్చీ మాత్రం ఉమ్మడి ఆస్తి. అందులో అక్కయ్య ఎక్కువ సార్లు కూర్చుంటుందా, ఆయన ఎక్కువ సార్లా అని మా ఆవిడ అడిగితే, ‘చలికాలంలో ఎవరూ కూర్చోం’ అన్నది అక్కయ్య.

చలికాలమంటే వాళ్లకు ఆరిజోనా ఎడారి. క్వార్ట్‌జ్‌సైట్ అని నాలుగు వేలమంది కూడా లేని ఊరు. చలి మొదలు కాగానే ఉత్తరాది నుంచి ఇటువంటి బండ్లు వేలకు వేలు వచ్చి ఆ ఎడారిలో దిగుతాయి, మన కొల్లేటికి కొంగలు దిగినట్టు. అక్కడ ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉండటానికి ఆ సంవత్సరం 180 డాలర్లు కట్టారు. ఏడు నెలల అద్దె అన్నమాట. నీళ్లు పట్టుకునే చోటూ, తొట్లు వదిలే చోటూ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఆ ఊరి శ్మశానంలో ఒక చిన్న రాతి గోపురం, దానిమీద రాగి ఒంటె బొమ్మ ఉన్నాయట. అమెరికా సైన్యం 1856లో ఒంటెలను తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ ఆలీ అనే మనిషి సమాధి అది; 1902లో పోయాడు. తిరిగేవాళ్ల ఊరికి తిరిగినవాడే గ్రామదేవత. ఎండలు ముదరగానే బండ్లన్నీ మళ్లీ ఉత్తరానికి. ఎండనూ చలినీ తప్పించుకుంటూ ఏడాది పొడుగునా వసంతంలోనే ఉండాలని వాళ్ల ఆశ.

అందరూ ఆశకొద్దీ వచ్చినవాళ్లు కారు. 2008 తరువాత ఇళ్లు పోగొట్టుకుని, బండే దిక్కయి, అరవై డెబ్బై ఏళ్ల వయస్సులో గిడ్డంగుల్లోనూ, దుంపల పొలాల్లోనూ కూలి చేసుకుంటూ తిరిగేవాళ్లున్నారు. వారి గురించి వచ్చిన ‘నోమాడ్‌లాండ్’ అనే పుస్తకం తరువాత సినిమా అయి, 2021లో ఆస్కార్ కూడా తెచ్చుకుంది. మావాళ్ల పక్కన ఆగిన బండిలో అటువంటి ఆవిడ ఒకరు ఉన్నారు. అక్కయ్య ఆవిడకు రోజూ ఇడ్లీలు పంపేది, ‘మిగిలాయి’ అని అబద్ధం చెప్పి.

మరి ఇల్లు లేనివాళ్లకు ఉత్తరాలు ఎక్కడికి వస్తాయి? ఓటు ఎక్కడ? లైసెన్సు మీద ఏ ఊరు రాస్తారు? టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊరుంది. 1978లో జో పీటర్సన్, కే పీటర్సన్ అనే దంపతులు ఇటువంటి సంచారుల కోసం ఒక సంఘం పెట్టారు, ఎస్కపీస్ అని. ఆ సంఘంవారు లివింగ్‌స్టన్‌లో వేలమంది ఉత్తరాలు అందుకుని, ఎవరు ఎక్కడ ఉన్నారో కనుక్కుని పంపిస్తారు. కాగితాల మీద అక్కయ్యది ఆ ఊరే. అక్కడే ఆ సంఘానికి ఇంకొక ఏర్పాటు ఉంది. నడపలేనంతగా ముసలివాళ్లయినవారు, జబ్బుపడినవారు తమ బండి తెచ్చి అక్కడ నిలుపుకుని, అందులోనే ఉండవచ్చు. భోజనమూ సాయమూ వాళ్లు చూస్తారు. దాని గురించి చెబుతూ అక్కయ్య, ‘మా ఉత్తరాలు ముందే వెళ్లి అక్కడ కూర్చున్నాయిరా’ అని నవ్వింది. బావగారు నవ్వలేదు.

కష్టాలు లేకపోలేదు. బావగారికి 65 దాటాయి గనక ప్రభుత్వ వైద్యసహాయం ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. అక్కయ్యకు అప్పటికి 62. ఆమె కొనుక్కున్న భీమా చాలా ఊళ్లలో చెల్లదు. జలుబు చేసినా రాష్ట్రం చూసుకుని చేయాలి. సియాటిల్ వెళ్లి కొడుకు ఇంటిముందు బండి నిలిపితే, నాలుగోనాడు ఆ వీధి ఇళ్ల సంఘంవారి నుంచి నోటీసు వచ్చింది, ఇటువంటి వాహనాలు ఇక్కడ నిలపరాదని. మనవరాలు బండి వెనక పరుగెత్తిందట. ఈ సంగతి చెప్పేటప్పుడు అక్కయ్య పాత్రలు సర్దడం మొదలుపెట్టింది.

ఇంత అవస్థ దేనికి? నేను అడగదలచుకున్న ప్రశ్న ఇదే. ఒకనాడు తొట్లు వదలడానికి ఆయన వెళ్లినప్పుడు అడిగాను.

‘పెద్ద ఇల్లురా’ అంది అక్కయ్య. ‘రిటైరయ్యాక ఆయన కింద నేలమాళిగలో టీవీ దగ్గర. నేను పైన. అన్నానికి ఫోను చేసి పిలిచేదాన్ని. ఒకే ఇంట్లో ఫోను! ఒకనాడు ఆయన మెట్ల మీద జారి పడ్డారు. గంటన్నర దాకా నాకు తెలియదు. ఎందుకు పిలవలేదంటే, పిలిచానే అన్నారు. ఆ రాత్రి నేనే అన్నాను, ఇల్లు అమ్మేద్దామని. ఈ బండిలో అయితే ఆయన దగ్గినా నాకు తెలుస్తుంది కదా.’

గుంటూరులో అందరూ ఆయన్ని తిట్టారు. తిట్లు పడవలసిన మనిషి ఈమె అన్నమాట.

లాస్‌వేగాస్ నుంచి యూటా రాష్ట్రంలోని జాయన్ లోయకు వెళ్లాం. ఆ ఎర్రకొండల అందం గురించి వర్ణనలు ఇక్కడ చేయను. చేయడం మొదలుపెడితే ఆపడం మా శాఖవారికి చేతకాదు. బావగారి దగ్గర జాతీయ ఉద్యానవనాల్లోకి వృద్ధులకు ఇచ్చే జీవితకాలపు చీటీ ఉంది. 2017 ఆగస్టులో అది 80 డాలర్లయింది. ఆయన అంతకు ముందే 10 డాలర్లకు కొన్నారు. ఆ లాభం సంగతి పన్నెండు రోజుల్లో మాకు ఐదుసార్లు చెప్పారు.

ఆ లోయ నుంచి తూర్పుకు పోవాలంటే కొండలో తొలిచిన సొరంగం దాటాలి. 1930లో పూర్తయింది, మైలుకు కొంచెం ఎక్కువ పొడవు. అప్పటి చిన్న కార్ల కోసం కట్టినది గనక, వెడల్పాటి బండ్లు తమ దారిలో తాము పోతే పక్కన కమాను వాలిన చోట పైభాగం తగులుతుంది. అందుకని 15 డాలర్లు తీసుకుని, ఎదుటివైపు రాకపోకలు ఆపి, మనల్ని నడిమధ్యన పోనిచ్చేవారు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. మెలికలు తిరిగి కొండెక్కి, ఒక్కసారిగా చీకటిలోకి దూరాం. అక్కడక్కడ రాతికి తొలిచిన కిటికీల నుంచి వెలుగు కత్తిలా వచ్చి, మళ్లీ చీకటి.

అక్కయ్య మెల్లిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ‘ఎడమకు. ఇంకొంచెం. చాలు. సమంగా. సమంగా. కుడికి పోతున్నారు. ఎడమకు. చాలు.’ దేవుడి గదిలో నామాలు చదువుకునే గొంతు. బావగారు పలకలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఆమె చెప్పినట్టు తిప్పుతున్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని, భార్యాభర్తలకు ఎంత అలవాటో అనుకుని మురిసిపోయాను. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు అప్పుడే అర్థమయింది. నాకు కాలేదు.

బయటపడ్డాక ఆయన రోడ్డు పక్కన బండి ఆపి, మంచినీళ్లు తాగి, చాలాసేపు దిగకుండా కూర్చున్నారు. చొక్కా వీపు తడిసి ఉంది.

ఆ రాత్రి అటక మీద పడుకున్న మాకు నిద్ర రాలేదు. ఆ ఇంట్లో రహస్యం మాట్లాడుకోవడానికి చోటులేదని చెప్పాను కదా.

‘ఎప్పటి నుంచి తెలుసు?’ అన్నారు బావగారు.

‘దసరా నుంచి.’

‘చెప్పలేదేం?’

‘మీరు చెబుతారని.’

కొంతసేపు ఏమీ వినబడలేదు. తరువాత ఆయనే చెప్పారు. ఏడాది కిందట డాక్టరు చూసి గ్లకోమా అన్నాడట. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది, పోయింది తిరిగి రాదు, చుక్కలు వేసుకుంటే నెమ్మదిస్తుంది. ఎదురుగా బాగానే కనిపిస్తుంది. లైసెన్సు పరీక్షలో నెగ్గారు. వెలుతురులో నుంచి చీకట్లోకి పోతేనే గోడ ఎక్కడుందో తెలియదు. చుక్కల సీసా పనిముట్ల పెట్టెలో దాచుకునేవారట. 28 అడుగుల ఇంట్లో ఏడాదిపాటు.

‘పిల్లలకు చెప్పకు’ అన్నారు.

‘చెబితే తాళాలు అడుగుతారు’ అన్నది అక్కయ్య. ‘చెప్పను. కాని రేపటి నుంచి మీరు నడపరు.’

మర్నాడు పొద్దున బావగారు కాఫీ తాగకుండా అలక కుర్చీలో కూర్చున్నారు. ఒక గంట, రెండు గంటలు. అక్కయ్య లోపల పెనం మీద అట్లు పోస్తూనే ఉంది. మేమిద్దరం ఏమీ విననట్టు నటించాం. నటన మాకు రాదని అప్పుడే తెలిసింది. చివరకు మా ఆవిడే అట్ల పళ్లెం పట్టుకుని వెళ్లి, ‘అన్నయ్యగారూ, వదినకు నడపడం మీరు నేర్పుతారా, ఇంకెవర్నైనా చూడమంటారా?’ అంది. కుర్చీ చట్టం ప్రకారం అది తప్పు. ఆయన తలెత్తి చూశారు. ‘ఇంకెవరికి చేతనవుతుంది?’ అంటూ లేచారు.

అక్కయ్య ముప్ఫై ఏళ్లుగా కారు నడిపింది గాని బండి ముట్టుకోలేదు. మామూలు లైసెన్సే చాలునట. దగ్గరలో ఒక ఖాళీ మైదానం చూసుకుని మూడు రోజులు అక్కడే మకాం వేశాం. చూడవలసిన రెండు లోయలు మానేశాం. ఈ బండికి వెనక చక్రాలు దాటి చాలా భాగం ఉంటుంది. ఎడమకు తిప్పితే తోక కుడికి ఊగుతుంది. పక్కనున్న స్తంభాన్ని కొట్టేది ముందుభాగం కాదు, అదే. బావగారు పక్క సీటులో కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కుతూ, ‘అబ్బ, తోక! తోక!’ అని అరిచేవారు. ‘నాకు తోక లేదు, మీరు అరవకండి’ అనేది ఆమె. వెనక్కి నడిపేటప్పుడు ఆయన దిగి, వెనక నిలబడి, తొట్ల తొడుగులు వేసుకున్న చేతులు ఊపేవారు, ఎర్రగా కనిపిస్తాయని. అంతకు మూడేళ్ల ముందు నుంచీ ఆ పని ఆమెది. ఆమె అయితే చేత్తో ‘రండి, రండి, ఆగండి’ అనేది, అంతే. ఈయన ‘ఇంకా రెండడుగుల తొమ్మిదంగుళాలు’ అని కేక వేసేవారు. అడుగులూ అంగుళాలూ విని బ్రేకు వేసే లోపల బండి ఒక చెట్టుకొమ్మను తాకి, మేము పడుకునే అటక మీద గీత పడింది. బావగారు ఆ గీత దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

నాలుగో రోజున ఆమె మమ్మల్ని ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద అరవై మైళ్లు నడిపింది. దారిపొడుగునా ఎవరం మాట్లాడలేదు. ఆగిన తరువాత ఆయన ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చారు.

పిల్లలకు రెండేళ్ల తరువాత గాని తెలియలేదు. తెలిశాక గొడవ జరిగింది. ఆ గొడవ వివరాలు వాళ్ల ఇంటి సంగతి. ఇప్పుడు అందరికీ తెలుసు గనక, రాయమని అక్కయ్యే అన్నది గనక రాశాను. పెద్దమ్మకు మాత్రం తెలియకుండానే పోయింది.

మొన్న ఆదివారం ఫోను చేసింది. బావగారి చూపు ఇంకొంచెం తగ్గింది. అక్కయ్యకు మోకాళ్ల నొప్పులు. మధ్యాహ్నం మూడు దాటితే నడపదు, రోజుకు నూట యాభై మైళ్లు మించదు. వంట ఆయన చేస్తున్నారు. అట్టు మట్టం ఆయనే చెబుతున్నారు, చూసి కాదట, చిటచిట చప్పుడు విని. లివింగ్‌స్టన్ నుంచి ఆ ముసలివాళ్ల ఏర్పాటు గురించి పుస్తకం ఒకటి వచ్చింది. ఆయన సొరుగులో పెట్టారు. ఆమె తీసి పారేయలేదు. ‘ఒకటి ఎక్కితే ఒకటి దిగాలి కదా, దానికి బదులు ఏం దింపారు?’ అన్నాను. ‘కాగితమేగా, బరువుండదు’ అంది.

మాట్లాడుతుండగానే వెనక నుంచి కేక వినిపించింది, అడుగులూ అంగుళాలూ.

‘ఉండరా, బండి నిలుపుకోవాలి. మీ బావ వెనకాల నిలబడ్డారు.’

‘చూపు సరిగా లేని మనిషిని వెనక నిలబెడతావేం అక్కయ్యా? బండికి కెమెరా పెట్టించాడుగా మీవాడు?’

‘పెట్టించాడు. కెమెరాలో కూడా ఆయనే కనిపిస్తున్నారు’ అని ఫోను పెట్టేసింది.